ఒక్క తలతో సభ కాదు: కోఫీ అన్నన్ అంతర్జాతీయ సేవ

మన సంచికల్లో మనవాళ్ళ చరిత్ర రాసుకోవడం ఆనవాయితీ. ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చాం, ఏ గుడి ఎవరు కట్టించారు, సహకార సంఘం కోసం ఎవరెవరు కాళ్ళరిగేలా తిరిగారు, ఇవన్నీ రాసి పెట్టుకోవాల్సినవే. ఈసారి మాత్రం మన కులంవాడు కాని, మన దేశంవాడు కాని ఒక పెద్దమనిషిని తలుచుకుందామనుకున్నాం. ఆయన కోఫీ అన్నన్. ఐక్యరాజ్య సమితికి ఏడో ప్రధాన కార్యదర్శి. 2018 ఆగస్టు 18న, 80 ఏళ్ళ వయసులో, స్విట్జర్లాండులో కన్నుమూశారు.

ఆయనకీ మనకీ ఏమిటి సంబంధం అని మీరు అడగొచ్చు. మాకు మూడు కారణాలు కనిపించాయి. ఆయన పుట్టింది మగ్గాల సీమలో. ఆయన చదువుకున్న సముద్ర తీరానికి ఒకప్పుడు మన తెలుగు తీరం బట్ట ఓడలెక్కి వెళ్ళింది. ఇక మూడోది, ఆయన జీవితమంతా చేసిన పని మనవాళ్ళకి కొత్తది కాదు. కొట్టుకునే ఇద్దరి మధ్య కూర్చుని సర్దుబాటు చేయడం, మన పెద్దలు దాన్ని పెద్దరికం అన్నారు, మన పురాణాలు రాయబారం అన్నాయి. ఆ పని ఎంత కష్టమో, అందులో గెలుపెంతో ఓటమెంతో తెలుసుకోవడానికి ఈయన జీవితం కంటే మంచి పాఠం మాకు దొరకలేదు.

మగ్గాల సీమలో పుట్టుక

1938 ఏప్రిల్ 8, శుక్రవారం. పశ్చిమ ఆఫ్రికాలో గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస రాజ్యం, అందులో కుమాసీ పట్నం. అక్కడ ఒక పెద్దింట్లో కవలలు పుట్టారు. ఆడపిల్లకి ఎఫువా అనీ, మగపిల్లాడికి కోఫీ అనీ పేర్లు పెట్టారు. రెండు పేర్లకీ అర్థం ఒకటే, శుక్రవారం పుట్టినవాళ్ళని. ఒడిశా సరిహద్దు ఏజెన్సీ ఊళ్ళల్లో సోములు, మంగులు, సుక్రు అని వారాన్ని బట్టి పేర్లు పెట్టుకుంటారు కదా, అక్కడా అదే పద్ధతి. ఆయన పూర్తి పేరు కోఫీ అట్టా అన్నన్. అట్టా అంటే కవల. అన్నన్ అంటే వాళ్ళ భాషలో నాలుగో సంతానం. మన చెవికి మాత్రం ఆ పేరు ‘అన్న’ అన్నట్టే వినిపిస్తుంది.

తండ్రి ఒక పెద్ద ఇంగ్లీషు వ్యాపార కంపెనీలో కోకో గింజల ఎగుమతి చూసే ఉద్యోగి. కుటుంబంలో ఫాంటే, అశాంతి అనే రెండు జాతుల చుట్టరికాలూ ఉన్నాయి. ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి, వీధి మాట ఇంకొకటి. సోలాపురంలోనో, సేలంలోనో, బరంపురంలోనో పెరిగిన మన పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు.

కుమాసీకి 20 కిలోమీటర్ల లోపే బొన్వీరే అనే ఊరుంది. ఊరంతా నేతగాళ్ళే. వాళ్ళు నేసే బట్టని కెంటె అంటారు. ఆ మగ్గం మన గుంటమగ్గం లాంటిది కాదు. నాలుగంగుళాల వెడల్పున్న పొడవాటి పట్టీలు మాత్రమే దాని మీద వస్తాయి. పడుగుని చాలా దూరం ముందుకి లాగి బరువు కట్టి ఉంచుతారు. అల్లెల తాళ్ళని కాలివేళ్ళ మధ్య పట్టుకుని ఆడిస్తారు. అలా నేసిన పట్టీలని అంచుకి అంచు కలిపి కుడితే అప్పుడు ఒక పెద్ద కెంటె వస్త్రం అవుతుంది. పాత రోజుల్లో పట్టు దారం దొరక్కపోతే, యూరోపు వర్తకులు తెచ్చిన పట్టు బట్టని కొని, పోగు పోగూ విప్పి, ఆ దారంతో మళ్ళీ నేసుకునేవాళ్ళు. నేసిన బట్టని విప్పి తిరిగి నేయడమంటే ఎంత ఓపికో మనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఈ నేతకి వాళ్ళు చెప్పుకునే పుట్టుక కథ కూడా ఉంది. అడవికి వేటకి పోయిన ఇద్దరు సాలెపురుగు గూడు అల్లడం చూసి, ఆ పద్ధతే ఇంటికి తెచ్చుకున్నారట. పద్మశాలీలు భావనాఋషి కథ చెప్పుకుంటారు, దేవాంగులు దేవల మహర్షి కథ చెప్పుకుంటారు, ఇద్దరి కథల్లోనూ తామర తూడు దారం ఉంటుంది. వాళ్ళ కథలో సాలెపురుగు ఉంది. మన భాషలో సాలెపురుగు పేరులోనే సాలె ఉండడం చూస్తే, ఈ పోలిక ఎంత దూరం పోయిందో అనిపిస్తుంది.

ప్రతి కెంటె అల్లికకీ ఒక పేరుంటుంది, చాలా పేర్లు సామెతలే. 1957లో స్వాతంత్ర్యం వచ్చి గోల్డ్ కోస్ట్ ఘనా దేశమైంది. 1960లో ఆ దేశం న్యూయార్కులోని ఐక్యరాజ్య సమితికి ఒక పెద్ద కెంటె వస్త్రాన్ని కానుకగా ఇచ్చింది. ఆ అల్లిక పేరుకి అర్థం, ‘ఒక్క తలతో సభ కాదు’ అని. అంటే నలుగురూ కూర్చుని ఆలోచిస్తేనే అది ఆలోచన అవుతుందన్నమాట. ప్రపంచ దేశాలన్నీ కూర్చునే ఇంటికి ఒక నేతగాడి మగ్గం పంపిన మాట అది. తర్వాత 37 ఏళ్ళకి అదే సీమ బిడ్డ ఆ ఇంటికి పెద్ద అయ్యాడు.

మన బట్ట వెళ్ళిన తీరం

ఇక్కడ మన చరిత్ర కూడా ఒకటి చెప్పుకోవాలి. వినడానికి కొంచెం బాధగానే ఉంటుంది.

17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం, మాధవాయిపాలెం, ఇంజరం, యానాం, ఇలా మన తీరం పొడుగునా డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు కోఠీలు పెట్టి బట్ట కొన్నారు. నర్సాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషులో ఒక రకం బట్టకే పేరైపోయింది. కోరమండల్ తీరం నుంచి పోయిన బట్టలో కొంత లండన్, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా పశ్చిమ ఆఫ్రికా తీరానికి చేరేది. అక్కడ ఆ బట్టకిచ్చి కొన్న సరుకుల్లో మనుషులూ ఉన్నారు. బానిసల వ్యాపారంలో తుపాకులు, సారా, ఇనుముతో పాటు భారతదేశపు నూలు బట్ట కూడా మారకపు సొమ్ముగా నడిచింది. నీలిమందులో ముంచిన పుదుచ్చేరి బట్ట సెనెగల్ నది ఒడ్డున నాణెం లాగా చెల్లింది.

నేసినవాడికి తన బట్ట ఎక్కడికి పోతుందో తెలియదు. దలాలి అడిగిన కొలతకి నేశాడు, ముందు తీసుకున్న బయానా తీర్చుకున్నాడు. అతన్ని తప్పుపట్టలేం. అయినా మన బట్ట గొప్పగా దేశదేశాలకి పోయిందని చెప్పుకునేటప్పుడు ఈ పేజీ చింపేసి చెప్పుకోవడం న్యాయం కాదు. కేప్ కోస్ట్, ఎల్మీనా అనే ఊళ్ళల్లో బానిసలని ఓడలెక్కించే ముందు బంధించిన కోటలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కేప్ కోస్ట్‌లోనే, ఎంఫాంట్‌సిపిమ్ అనే హాస్టలు బడిలో, 1954 నుంచి 1957 దాకా కోఫీ అన్నన్ చదువుకున్నాడు.

తర్వాతి కాలంలో ఆ తీరంతో మన వ్యాపారం మంచి దారిన పడింది. 20వ శతాబ్దంలో చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ళ రుమాళ్ళు నైజీరియాకి విరివిగా పోయాయి. అక్కడ ఆ రుమాలు పెళ్ళికీ చావుకీ ఉండాల్సిందే. కొనేవాళ్ళు వాసన చూసి ఇది అసలుదో కాదో తేల్చేవాళ్ళని చెబుతారు. అక్కడ దిగుమతుల మీద ఆంక్షలు వచ్చేసరికి ఆ మార్కెట్ పడిపోయింది, ఎన్నో మగ్గాలు మూలన పడ్డాయి. ఎక్కడో దూరదేశంలో సంతకం పెట్టిన కాగితం మన మగ్గం మీద ఎలా పనిచేస్తుందో మనకి తెలుసు. అందుకే దేశాల మధ్య మాట కుదిర్చేవాళ్ళ పని మనకి అక్కర్లేని పని కాదు.

తెల్లకాగితం, నల్లచుక్క

ఆ హాస్టలు బడిలో జరిగిన ఒక సంగతి అన్నన్ చాలా చోట్ల చెప్పారు. పంతులుగారు పెద్ద తెల్లకాగితం గోడకి తగిలించారు, దాని మీద ఒక మూల చిన్న నల్లచుక్క. ఏం కనిపిస్తోందని అడిగితే పిల్లలందరూ నల్లచుక్క అన్నారు. ఇంత తెల్లకాగితం ఒక్కరికీ కనిపించలేదా అన్నారు పంతులుగారు. పెద్దయ్యాక ఎంత చెడ్డ తగాదాలో తలదూర్చినా, మొత్తం కాగితం చూడడం ఆ రోజే నేర్చుకున్నానని ఆయన చెప్పేవారు.

తర్వాత ఒక ఉపకారవేతనం మీద అమెరికా వెళ్ళి, మినెసోటా రాష్ట్రంలోని మెకలెస్టర్ కాలేజీలో అర్థశాస్త్రం చదివి 1961లో పట్టా తీసుకున్నారు. అక్కడ చలికాలం గడ్డకట్టించే చలి. ఊరివాళ్ళు చెవులకి బొచ్చు తొడుగులు పెట్టుకుంటే, చూడ్డానికి బాగోలేదని ఈయన పెట్టుకోలేదు. ఒకరోజు చెవులు ఊడిపోతాయేమో అన్నంత చలి కొట్టాక వెళ్ళి అన్నిటికంటే పెద్ద తొడుగు కొనుక్కున్నారు. పరాయి ఊరికి వెళ్ళినప్పుడు ఆ ఊరివాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసనుకోకూడదు, అదీ ఆయన నేర్చుకున్న పాఠం. మన తాతలు కన్నడ, తమిళం, మరాఠీ, ఒడియా నేర్చుకుని, అక్కడి పండగల్లో కలిసి, ఇంట్లో తెలుగు నిలబెట్టుకుని బతికింది ఆ పాఠంతోనే.

అట్టడుగు మెట్టు నుంచి

1962లో జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థలో చేరారు. అధికారుల్లో అన్నిటికంటే కింది స్థాయి, బడ్జెట్ లెక్కలు చూసే పని. అక్కడి నుంచి ఇథియోపియాలోని ఆడిస్ అబాబా, న్యూయార్క్, మళ్ళీ జెనీవా. మధ్యలో 1974 నుంచి 1976 దాకా సొంత దేశానికి తిరిగి వెళ్ళి పర్యాటక సంస్థ నడిపారు. ఘనాలో సైనిక పాలన, పని ముందుకి కదల్లేదు. మళ్ళీ సమితికే వచ్చారు. శరణార్థుల సంస్థలో, ఉద్యోగుల వ్యవహారాల్లో, ఆర్థిక విభాగంలో చేశారు. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న 900 మందికి పైగా విదేశీ ఉద్యోగుల్ని బయటికి తెచ్చే పని ఆయనకి అప్పగించారు.

ఇక్కడ ఒక మాట గమనించండి. అప్పటిదాకా ప్రధాన కార్యదర్శులైనవాళ్ళు ఏదో ఒక దేశపు మంత్రులుగానో రాయబారులుగానో పేరు తెచ్చుకుని వచ్చినవాళ్ళు. సమితిలోనే గుమాస్తాగిరీ లాంటి పనితో మొదలుపెట్టి పైదాకా వచ్చినవాడు అన్నన్ ఒక్కరే మొదట. ఆడిట్ అంటే ఏమిటి, కింద ఉద్యోగి బాధ ఏమిటి, కాగితం ఏ బల్ల మీద ఆగుతుంది, ఇవన్నీ ఆయనకి తెలుసు.

రువాండా

1993లో శాంతి పరిరక్షణ విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన జీవితంలో అతి బరువైన అధ్యాయం ఇదే.

1994 జనవరి 11న రువాండా దేశం నుంచి సమితి సేనల అధిపతి, కెనడాకి చెందిన జనరల్ దలేర్, న్యూయార్కుకి ఒక తంతి పంపారు. మారణకాండకి సన్నాహాలు జరుగుతున్నాయి, ఆయుధాలు ఫలానా చోట దాచారు, వెళ్ళి పట్టుకుంటాం అన్నారు. అన్నన్ విభాగం నుంచి, ఆయన పేరు మీద, వద్దని జవాబు పోయింది. మీ అధికార పరిధిలో అది లేదు, రువాండా అధ్యక్షుడికి చెప్పండి అన్నారు. ఏప్రిల్‌లో హత్యాకాండ మొదలైంది. సుమారు వంద రోజుల్లో దాదాపు 8,00,000 మంది, ఎక్కువగా టుట్సీలు, చనిపోయారు. అంతటి ఘోరం జరుగుతుండగానే భద్రతా మండలి ఉన్న కొద్దిపాటి సేననీ 270 మందికి తగ్గించింది. మరుసటి ఏడాది జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సా పట్నంలో, సమితి కాపలా ఉన్న చోటే, దాదాపు 8,000 మంది మగవాళ్ళనీ పిల్లల్నీ చంపేశారు.

ఆయన్ని గౌరవించే వ్యాసంలో ఇది ఎందుకని అనుకోవద్దు. పెద్ద దేశాలు సైన్యం పంపడానికి ఇష్టపడలేదు, అది నిజం. సోమాలియాలో 1993లో దెబ్బతిన్న భయం అందరిలో ఉంది, అదీ నిజం. అయినా హెచ్చరిక వచ్చిన బల్ల ఆయనదే. ఆ మాట ఆయన ఎప్పుడూ తోసిపుచ్చలేదు. ప్రధాన కార్యదర్శి అయ్యాక ఈ రెండు ఘోరాల మీదా విచారణ నివేదికలు తెప్పించి 1999లో బయటపెట్టారు. రువాండా నివేదికలో తన విభాగం వైఫల్యం కూడా ఉంది. పదేళ్ళ స్మరణ సందర్భంగా 2004లో, హెచ్చరించడానికీ మద్దతు కూడగట్టడానికీ నేను ఇంకా చేయగలిగి ఉండాల్సింది, చేయాల్సింది అని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు చనిపోయినవాళ్ళని తిరిగి తేదు. ఆ కుటుంబాలు క్షమించాయా లేదా అన్నది మనం తీర్పు చెప్పే విషయమూ కాదు. కానీ పదవిలో ఉండగా తన సంస్థ లోపాన్ని తనే విచారణకి పెట్టినవాళ్ళు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

పదేళ్ళ పెద్దరికం

1997 జనవరి 1న ప్రధాన కార్యదర్శి పదవి చేపట్టారు. 2006 డిసెంబరు 31 దాకా రెండు విడతలు చేశారు. ఆ పదవికి సైన్యం లేదు, ఖజానా లేదు. సభ్య దేశాలు చందాలిస్తే ఇల్లు నడుస్తుంది. ఆయన వచ్చేసరికి అమెరికాయే పెద్ద బకాయిదారు. చేతిలో ఉన్నదల్లా మాట. మన సంఘాల కార్యదర్శులకి ఈ పరిస్థితి బాగా అర్థమవుతుంది.

2000 సెప్టెంబరులో దేశాధినేతలందరినీ కూర్చోబెట్టి ఒక ప్రకటన చేయించారు. దాని నుంచి ఎనిమిది సహస్రాబ్ది లక్ష్యాలు వచ్చాయి. 2015 నాటికి కటిక పేదరికాన్ని సగం చేయాలి, ప్రతి బిడ్డా బడికి పోవాలి, కాన్పులో తల్లుల చావులూ పసిపిల్లల చావులూ తగ్గాలి, ఇలాంటివి. అన్నీ నెరవేరలేదు. పేదరికం సగమవడం మాత్రం గడువు కంటే ముందే జరిగింది. అవే ఏళ్ళలో మన సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న వార్తలు వచ్చాయని కూడా ఇక్కడే రాసుకోవాలి. ప్రపంచం లెక్కలో పేదరికం తగ్గినా, మన వీధిలో తగ్గిందా అన్నది మనమే చూసుకోవాల్సిన లెక్క.

ఎయిడ్స్ విషయంలో ఆయన చేసింది మనకి నేరుగా తగిలింది. అప్పట్లో ఆ మందులకి ఒక్కో మనిషికి ఏడాదికి పది వేల డాలర్ల పైనే అయ్యేది. 2001లో ఒక భారతీయ కంపెనీ రోజుకి ఒక డాలరు లోపే ఇస్తామని ముందుకొచ్చింది. అదే ఏప్రిల్‌లో అన్నన్ పెద్ద మందుల కంపెనీల అధిపతులతో మాట్లాడి ధరలు దించమని ఒత్తిడి పెట్టారు, నైజీరియాలో జరిగిన సభలో ప్రపంచ నిధి పెట్టాలని పిలుపునిచ్చారు. 2002లో ఎయిడ్స్, క్షయ, మలేరియాల కోసం ఆ నిధి పని మొదలుపెట్టింది. తర్వాతి ఏళ్ళలో హైదరాబాదు కంపెనీలు హెటెరో, అరబిందో, మ్యాట్రిక్స్ తయారుచేసిన మందులు ఆఫ్రికాలో లక్షలాది ప్రాణాలు నిలబెట్టాయి. ఒకప్పుడు మన బట్ట వెళ్ళిన తీరానికి ఈసారి మన మందు వెళ్ళింది.

నైజీరియా, కామెరూన్ దేశాలకి బకాసీ అనే ద్వీపకల్పం మీద తగాదా ఉండేది. 2002లో అంతర్జాతీయ న్యాయస్థానం కామెరూన్‌దే అని తీర్పు చెప్పింది. తీర్పు ఒక ఎత్తు, అమలు ఒక ఎత్తు. పెద్ద దేశమైన నైజీరియా సైన్యాన్ని వెనక్కి తీసుకోవాలి. అన్నన్ ఇద్దరు అధ్యక్షుల్నీ మళ్ళీ మళ్ళీ కూర్చోబెట్టారు. 2006 జూన్ 12న ఒప్పందం అయింది, తుపాకీ పేలకుండా సైన్యం వెనక్కి పోయింది. సరిహద్దు కదిలితే అక్కడ ఉన్న మనుషుల గతేమిటి అన్నది మనకి కడుపులో తెలిసిన ప్రశ్న. 1936లో ఒడిశా ఏర్పడితే బరంపురం తెలుగువాళ్ళు ఉన్నచోటే ఉండి రాష్ట్రం మారారు. 1953లో బళ్ళారి మైసూరులో కలిసింది. 1954లో యానాం ఫ్రెంచి చేతి నుంచి భారతదేశం చేతికి వచ్చింది. మనవాళ్ళు కదలకుండానే సరిహద్దు కదిలిన రోజులవి.

2001లో నోబెల్ శాంతి బహుమతిని సమితికీ ఆయనకీ కలిపి ఇచ్చారు.

బహుమతి తర్వాతే అసలు కష్టాలొచ్చాయి. 2003లో అమెరికా, బ్రిటన్ ఇరాక్ మీద యుద్ధానికి దిగాయి. అదే ఏడు ఆగస్టు 19న బాగ్దాదులోని సమితి కార్యాలయం మీద బాంబు దాడిలో ఆయన నమ్మిన సహచరుడు, బ్రెజిల్ దేశస్థుడు సెర్జియో వియెరా డి మెల్లోతో సహా 22 మంది చనిపోయారు. వాళ్ళని అక్కడికి పంపింది తానే అన్న బాధ ఆయన్ని వదల్లేదు. 2004 సెప్టెంబరులో ఒక ఇంటర్వ్యూలో, ఆ యుద్ధం సమితి నియమావళి ప్రకారం చట్టవిరుద్ధమని చెప్పేశారు. చందా ఎక్కువ ఇచ్చేవాడి ముఖం మీద ఆ మాట చెప్పడం తేలిక కాదు. ఇంతలో ఇరాక్ చమురు అమ్మకాల పథకంలో అవినీతి బయటపడింది. ఆయన కొడుకు పనిచేసిన కంపెనీకి అందులో ఒక కాంట్రాక్టు దక్కిందని గొడవైంది. 2005లో విచారణ సంఘం, ఆ కాంట్రాక్టు విషయంలో అన్నన్ జోక్యానికి ఆధారం లేదని తేల్చింది, పథకం నిర్వహణ సరిగా లేదని మాత్రం గట్టిగా తప్పుపట్టింది. రెండూ కలిపే చెప్పుకోవాలి.

కెన్యాలో ఐదు వారాలు

పదవి దిగాక విశ్రాంతి తీసుకోవచ్చు. తీసుకోలేదు. 2007 డిసెంబరులో కెన్యా ఎన్నికల్లో మోసం జరిగిందని గొడవలు మొదలై వెయ్యిమందికి పైగా చనిపోయారు, లక్షల మంది ఇళ్ళు వదిలి పారిపోయారు. 2008 జనవరిలో ఆఫ్రికా పెద్దల తరఫున అన్నన్ నైరోబి చేరారు. వెంట మొజాంబిక్ నుంచి గ్రాసా మచెల్, టాంజానియా మాజీ అధ్యక్షుడు బెంజమిన్ మ్‌కాపా. ఒకవైపు అధ్యక్షుడు కిబాకి, మరోవైపు ఒడింగా. ఇద్దరూ గెలిచింది నేనే అంటారు.

ఆయన నడిపిన పద్ధతి చూడండి. ముందు ఇద్దరి చేతా జనం ముందు కరచాలనం చేయించారు. తర్వాత చెరో వైపు మనుషుల్ని కూర్చోబెట్టి, తేలికైన విషయాలు ముందు, చిక్కువి తర్వాత అన్నట్టు వరస పెట్టారు. ఊరి గోల లేకుండా ఒక అడవి విడిదికి తీసుకెళ్ళారు. అయినా తెగకపోతే, ప్రతినిధుల చర్చ ఆపేసి, ఇక నేను అసలువాళ్ళతోనే మాట్లాడతానన్నారు. ఐదు వారాలకి పైగా అక్కడే కూర్చున్నారు. ఫిబ్రవరి 28న సంతకాలయ్యాయి. ఒకరు అధ్యక్షుడు, ఒకరు ప్రధానమంత్రి. 2010లో ఆ దేశం కొత్త రాజ్యాంగం రాసుకుంది. చిక్కుపడ్డ పడుగుని కత్తిరించకుండా పోగు పోగూ సర్దే పని అది.

ప్రతిసారీ అలా కుదరలేదు. 2012లో సిరియా యుద్ధం ఆపడానికి వెళ్ళారు. ఆరు అంశాల ప్రణాళిక పెట్టారు. లోపల పోరాడేవాళ్ళూ వినలేదు, భద్రతా మండలిలో పెద్దలూ ఒక్క మాట మీద నిలబడలేదు. ఆగస్టులో ఆ బాధ్యత వదులుకున్నారు. మయన్మార్‌లో రోహింగ్యాల సమస్య మీద ఆయన సంఘం 2017 ఆగస్టు 24న నివేదిక ఇచ్చింది. మర్నాడే అక్కడ దాడులు, వాటి వెనకే సైన్యం కాండ, లక్షల మంది బంగ్లాదేశ్‌కి పరుగు.

మన ఊళ్ళల్లో పాండవోద్యోగ విజయాలు ఆడని జాతర ఉండేది కాదు. ఐదూళ్ళిచ్చినా చాలన్న కృష్ణ రాయబారం కూడా ఫలించలేదని మనకి తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుని మనవాళ్ళు చూసింది ఆ రాయబారాన్నే. యుద్ధం తప్పదని తెలిసినా ఒక్కసారి వెళ్ళి అడగాలి, అడిగినట్టు లోకానికి తెలియాలి. అడగకుండా మొదలైన యుద్ధానికీ, అడిగాక మొదలైన యుద్ధానికీ తేడా ఉంది.

మనం తీసుకోవాల్సింది

2018 సెప్టెంబరు 13న ఘనా రాజధాని ఆక్రాలో ప్రభుత్వ లాంఛనాలతో ఆయన అంత్యక్రియలు జరిగాయి. దేశదేశాల పెద్దలు వచ్చారు. 2024 డిసెంబరులో యునెస్కో ఆయన సీమ కెంటె నేతని మానవ జాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మిల్లు ప్రింట్లలో కెంటె నకళ్ళు వచ్చి బొన్వీరే నేతగాళ్ళ పొట్ట కొడుతున్నాయి. పోచంపల్లి డిజైను ప్రింటు వేసి చీర అని అమ్మేవాళ్ళని చూసిన మనకి ఆ బాధ కొత్తది కాదు. పేటెంటు కార్యాలయాల్లో, వాణిజ్య చర్చల బల్లల దగ్గర ఇలాంటి విషయాలు తేలుతాయి. ఆ బల్లల దగ్గర మనవైపు నుంచి మాట్లాడగలవాళ్ళు ఉండాలి.

అందుకే మన పిల్లలకి ఇది చెప్పండి. ఇంజనీరింగు, మందుల కంపెనీ, అమెరికా ఉద్యోగం, ఇవే దారులు కావు. విదేశాంగ సేవ ఉంది, సివిల్స్ పరీక్షతో దొరుకుతుంది. ఆరోగ్యం, శరణార్థులు, కార్మికులు, పిల్లలు, ఒక్కోదానికి ఒక్కో అంతర్జాతీయ సంస్థ ఉంది. లెక్కలు బాగా వచ్చినవాడికీ అక్కడ చోటుంది, అన్నన్ మొదలుపెట్టింది లెక్కలతోనే. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో ఒక భాషతో పెరిగిన మన పిల్లలకి ఆ పనికి కావాల్సిన సగం సామర్థ్యం ఇప్పటికే ఉంది.

పెద్దవాళ్ళకి కూడా ఒక మాట. మన సంఘాల్లో తగాదాలుంటాయి. ఏ శాఖ పెద్దది, గుడి లెక్కలు ఎవరి దగ్గరున్నాయి, కల్యాణ మండపం ఎవరి పేరు మీద ఉంది, ఇవన్నీ కోర్టుల దాకా పోయిన ఊళ్ళు మనకి తెలుసు. ఇద్దరినీ కూర్చోబెట్టి, తేలికైనది ముందు తేల్చి, అలిసిపోకుండా వారాల తరబడి కూర్చునే పెద్దమనిషి ఒకరు ఊరికి కావాలి. ఆ పెద్దమనిషి తన వల్ల జరిగిన నష్టం కూడా మినిట్స్ పుస్తకంలో రాయించగలవాడై ఉండాలి. మన సంఘాల చరిత్రల్లో గెలిచినవే రాస్తూ వస్తున్నాం. మూతపడ్డ సహకార సంఘం ఎందుకు మూతపడిందో, ఎవరి హెచ్చరిక ఎవరు వినలేదో కూడా రాసిపెడితే తర్వాతి తరానికి అది పనికొస్తుంది. ఒక్క తలతో సభ కాదన్న మాట వాళ్ళ నేతగాళ్ళు బట్ట మీద నేశారు, మనం మన సభల్లో ఆచరిస్తే చాలు.